ఏసీ మిర్చి ఎంత భరోసా? గుంటూరు కోల్డ్ స్టోరేజీ సేవపై చిన్న కారం మిల్లుల కోసం ఒక సమీక్ష

గుంటూరు మిర్చి యార్డులో ఏసీ అనేది సరుకు పేరు. తేజ, 334, 341, ఏ రకం మిర్చి అయినా రెండేసి ధరలు పలుకుతాయి. కల్లంలో ఎండి నేరుగా యార్డుకు దిగేది నాన్ ఏసీ. ఊరి చుట్టూ ఉన్న కోల్డ్ స్టోరేజీల్లో కొన్నాళ్లు ఉండి బయటికొచ్చేది ఏసీ. కోతలు జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా సాగుతాయి. వేసవిలో యార్డుకు దాదాపు నెల రోజులు సెలవులు. ఆ తర్వాత మళ్లీ సంక్రాంతి దాటి కొత్త కాయ దిగేదాకా మిల్లు ఆడాలంటే ఏసీ సరుకే దిక్కు.

కోల్డ్ స్టోరేజీలో చోటు తీసుకోవడమంటే అద్దె కట్టి ఏడాది ధీమా కొనుక్కోవడమే. ఆ ధీమా ఎంత గట్టిది, ఎక్కడ చిరుగుతుంది అన్నది ఇక్కడి విషయం. ఇది ఫలానా కంపెనీ గురించి కాదు. గుంటూరు చుట్టుపక్కల ఈ సేవ నడిచే తీరు, నెలకు అర టన్ను నుంచి ఐదు టన్నుల దాకా కాయ ఆడించే మిల్లుకో, పచ్చళ్ల యూనిట్‌కో అది ఏ మేరకు అక్కరకొస్తుందో చూద్దాం.

ముందే తేల్చేయాల్సిన మాట ఒకటుంది. పంట పోయిన ఏడాది కోల్డ్ స్టోరేజీ ఆదుకుంటుంది, రోడ్డు తెగిన వారం ఆదుకోదు. రెండూ వేర్వేరు జబ్బులు, మందులూ వేరే. గుంటూరులో మనకు రెండొందల టిక్కీలు (నలభై, నలభై అయిదు కిలోల గోనె మూటలు) ఉన్నాయి కదా అని నిశ్చింతగా పడుకున్న మిల్లు యజమాని 2024 సెప్టెంబరు 1న హైదరాబాద్‌లో ఉన్నాడనుకోండి. బుడమేరు వాగు విజయవాడను ముంచింది. నందిగామ దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్లొచ్చాయి. తెలంగాణలో కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడాయి. మర్నాడు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల వరద కిందికి పోయింది. సరుకు కోల్డ్ స్టోరేజీ గదిలో, అంటే చాంబర్‌లో, చల్లగా, క్షేమంగానే ఉంది. మిల్లుకు మాత్రం రాలేదు.

చలి చేసే పని, చేయలేని పని

2021-22 సీజన్‌లో నల్ల తామర పురుగు పూతనే పీల్చేసి ఆంధ్రలో, తెలంగాణలో మిర్చి తోటల్ని దారుణంగా దెబ్బతీసింది. చేలు దున్నేసిన రైతులున్నారు. అలాంటి ఏడు, కిందటి సీజన్ కాయ చాంబర్‌లో ఉన్న మిల్లుకు కొన్ని నెలల వ్యవధి దొరుకుతుంది. కస్టమర్‌కు ముందే చెప్పి రేటు మార్చుకోవచ్చు, వేరే రకం వెతుక్కోవచ్చు, ప్యాకెట్ సైజు సవరించుకోవచ్చు. ఈ వ్యవధి కోసమే అద్దె కట్టాలి.

చాంబర్‌లో చలి రెండు పనులు చేస్తుంది: రంగు నిలుపుతుంది, పురుగును ఆపుతుంది. కాయలోని ఎరుపు వేడికి, వెలుతురుకి, గాలికి తరిగిపోతుంది. మే నెలలో రేకుల షెడ్డు కింద పెట్టిన టిక్కీని వానాకాలంలో విప్పితే కాయ ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. పది డిగ్రీల లోపు, చీకట్లో ఉన్న కాయ ఆ నష్టాన్ని చాలావరకు తప్పించుకుంటుంది. పెంకు పురుగు కూడా ఆ చలిలో సంతతి పెంచలేదు. అయితే బయటికి తీసి పాత గోనెలు, దుమ్ము పేరుకున్న గోడౌన్‌లో నెల రోజులు ఉంచితే అక్కడి పురుగు దానికీ పడుతుంది. ఆ తప్పు కోల్డ్ స్టోరేజీది కాదు, గోడౌన్ చీపురుది.

చలి బాగుచేయలేనిదీ ఒకటుంది: బూజు. కల్లంలో వానకు తడిసి, సరిగా ఆరని కాయలో అఫ్లటాక్సిన్, అంటే బూజు వదిలే విషం, ఒకసారి పుట్టిందంటే ఎన్ని నెలలు చల్లగా ఉంచినా పోదు. మన దేశంలో మసాలా దినుసులకు మొత్తం అఫ్లటాక్సిన్ పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు. యూరప్‌కు పంపేవాళ్లకు అది 10, అందులో బీ1 రకం 5 దాటకూడదు. అందుకే నాలుగు వేల ల్యాబ్ ఖర్చుకు వెనకాడి నాలుగు లక్షల సరుకును చాంబర్‌లో పెట్టుకోవడం తెలివి కాదు. లాటుకొక (ఒకే విడతగా కొన్న సరుకుకు ఒక) శాంపిల్ ఎక్కించే ముందే పంపాలి. ఎక్కించాక తెలిస్తే దించడానికి హమాలీ దండగ.

టిక్కీ ఎక్కే ముందు

ఈ సేవలో జరిగే నష్టాల్లో సగం చాంబర్ గుమ్మం దాటకముందే ఖాయమైపోతాయి. ఎండు కాయలో, కారం పొడిలో తేమ 11 శాతం మించకూడదని ఆహార భద్రతా నిబంధన. కల్లంలో గలగలలాడే కాయ తొక్కితే విరిగి గింజ రాలుతుంది కాబట్టి, నింపే ముందు నీళ్లు చిలకరించి కాయను మెత్తబరచడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. బరువు కూడా కలిసొస్తుందని కొందరు చెయ్యి ఇంకాస్త ధారాళంగా తిప్పుతారు.

లెక్క వేసి చూడండి. 11 శాతానికి బదులు 13 శాతం తేమతో వంద క్వింటాళ్లు కొంటే అందులో దాదాపు రెండుంపావు క్వింటాళ్లు అదనపు నీళ్లే. క్వింటాలు 15,000 అనుకుంటే 33 వేల పైచిలుకు రూపాయలు నీళ్లకు పోసినట్టు. అంతకంటే పెద్ద నష్టం టిక్కీ నడిమధ్యలో ఉంటుంది. నలభై, నలభై అయిదు కిలోలు కూరిన గోనె మధ్యకు చలి చేరడానికి రోజులు పడుతుంది. ఆలోగా తడి కాయ లోపల వేడెక్కి బూజు పట్టేస్తుంది. పైన చూస్తే నిగనిగలాడే డీలక్స్ (మేలు గ్రేడు), మధ్యలో చెయ్యి పెడితే నల్ల మచ్చలు.

కాబట్టి లాటులో పదో వంతు టిక్కీలు, ఎంత తక్కువైనా అయిదు, కుట్టు విప్పించాలి. పైపైన కాకుండా మోచేతి దాకా చెయ్యి దించి మధ్య కాయ తీయాలి. గుప్పిట్లో నలిపితే ఫెళఫెళమని విరిగి, చెవి దగ్గర ఊపితే గింజ గలగలమంటే సరే. తోలులా వంగి మళ్లీ నిటారుగా లేస్తే ఆ టిక్కీని మళ్లీ ఎండబెట్టాల్సిందే. తేమ మీటరు ఉంటే మంచిదే కానీ కాయను అలాగే పెట్టి కొలిచే చౌక మీటర్లు తొడిమ మీద ఒక అంకె, తొక్క మీద ఒక అంకె చూపిస్తాయి. పొడి చేసి, ఓవెన్‌లో ఆరబెట్టి తూచిన ల్యాబ్ అంకెతో సీజన్‌కు ఒకసారైనా సరిచూసుకోండి.

తాలు, అంటే రంగు పోయి తెల్లబడిన నాసి కాయ గురించి ఒక ముక్క. చౌకగా వచ్చిందని తాలు కాయకు ఎనిమిది నెలల అద్దె కట్టడం అర్థం లేని పని. అద్దె టిక్కీకి కడతాం, నాణ్యతకు కాదు. చాంబర్‌లో డీలక్స్, బెస్ట్ మాత్రమే పెట్టి, మీడియం, తాలు సీజన్‌లోనే ఆడించేయాలి.

చాంబర్‌లో ఏం చూడాలి

చోటు చూడ్డానికి వెళ్తే గోడ మీద ఉష్ణోగ్రత మీటరు చూపిస్తారు. ఈరోజు అంకె ఎవరి దగ్గరైనా బాగానే ఉంటుంది. అడగాల్సింది కిందటి మార్చి, ఏప్రిల్, మే నెలల ఉష్ణోగ్రత రిజిస్టరు. మార్చిలో రోజంతా లారీలు దిగుతుంటాయి, తలుపు మూతపడదు, బయటి నుంచి 38, 40 డిగ్రీల కాయ లోపలికి వస్తూనే ఉంటుంది. యంత్రానికి అసలు పరీక్ష అప్పుడే. ఆ నెలల్లో రోజుకు నాలుగుసార్లు రాసిన అంకెలు, మధ్యలో పెరిగి తగ్గిన గీతలు కనిపిస్తే ఆ రిజిస్టరు నిజం. మూడు నెలలూ ఒకే పెన్నుతో ఒకే అంకె ఉంటే ఆఖరి రోజున కూర్చుని రాసిందని అర్థం.

జనరేటర్ ఉందా అని అడిగితే ఉందనే అంటారు. మెయిన్ ఆపి నడిపించమనండి. కంప్రెసర్ల భారం మోస్తుందా, లేక లైట్లకేనా అన్నది అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. డీజిల్ ఎన్ని గంటలకు ఉందో కూడా చూడాలి. తుపాను వచ్చి స్తంభాలు పడిపోతే కరెంటు రెండు మూడు రోజులు రాకపోవచ్చు, పెట్రోలు బంకు దగ్గర క్యూ ఉంటుంది. మిర్చి విషయంలో కాస్త ఊరట ఏమిటంటే, కూరగాయల్లా కాదు, నిండిన చాంబర్ తలుపు మూసి ఉంచితే చలి త్వరగా దిగిపోదు. ఒకటి రెండు రోజులు కరెంటు లేకపోయినా కాయ చెడదు. అసలు ప్రమాదం కరెంటు వచ్చాక, కాయిల్ మీది మంచు కరిగి కింది టిక్కీల మీద కారడం.

అందుకే ర్యాక్‌లో చోటు కూడా బేరమాడాల్సిన విషయమే. కూలింగ్ కాయిల్ కిందున్న పై వరుస తడుస్తుంది. నేలను ఆనుకున్న కింది వరుస చెమ్మ పీలుస్తుంది. గోడకు ఆనించిన టిక్కీ వెనక గాలి ఆడదు. నడిమి అంతస్తు, గోడకు జానెడు ఎడం, కాయిల్‌కు దూరం అయితే బాగు. ఇది నోటిమాటగా కాకుండా బాండు మీద చాంబర్ నంబరు, ర్యాక్ నంబరుతో సహా రాయించుకోవాలి. పక్కన ఏమున్నాయో కూడా చూసుకోండి. పండ్లకు, కూరగాయలకు గాలిలో తేమ ఎక్కువ కావాలి, మిర్చికి అదే శత్రువు. రెండూ ఒకే చాంబర్‌లో పెట్టేవాళ్ల దగ్గర అద్దె తక్కువైనా వద్దు.

చలి యంత్రంలో తిరిగే అమోనియా గ్యాసు వాసన ముక్కుకు తగిలితే ఎక్కడో లీకు ఉన్నట్టే. మాస్కులు అద్దాల పెట్టెలో ఉన్నాయా, ఆ పెట్టె తాళం చెవి ఎవరి దగ్గరుంది అని అడిగి చూడండి, జవాబు కోసం నలుగురు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే చాలు, మీకు విషయం తెలిసిపోతుంది. అగ్ని ప్రమాదం విషయంలో ఇంకా కఠినంగా ఉండాలి. ఎండు మిర్చి, గోనె, చెక్క ర్యాకులు, గోడల్లో థర్మాకోల్: అంటుకుంటే ఆర్పడం కష్టం, పొగకు మనిషి దగ్గరికి పోలేడు. చాంబర్ లోపల వేలాడే వైర్లు, టేపు చుట్టిన అతుకులు కనిపిస్తే బయటికి వచ్చేయండి. మిగతావన్నీ బాగున్నా సరే.

బాండు, బీమా

ఇక్కడ రసీదును బాండు అంటారు. సరుకు ఎంత చల్లగా ఉన్నా బాండు వదులుగా ఉంటే భరోసా లేదు. రకం, గ్రేడు, టిక్కీల సంఖ్య, ఒక్కో టిక్కీ నికర బరువు, తేమ, లాటు గుర్తు, చాంబర్, ర్యాక్, అద్దె ఏ తేదీ వరకు, ఆ తేదీ దాటితే ఎంత, బీమా ఏ విలువకు, తరుగు ఎంతవరకు ఎవరిది: ఇవన్నీ అందులో ఉండాలి. 'మిర్చి, 200 టిక్కీలు' అని ఒక్క లైను రాసిన బాండుతో వివాదం వస్తే మీ 334 డీలక్స్ కాస్తా మీడియం అయిపోతుంది. గోనె మీద మీ గుర్తును రంగుతో అచ్చు వేయించండి. చీటీ కుడితే ఊడిపోతుంది.

బ్యాంకు అప్పు అవసరమైతే గోదాముల అభివృద్ధి, నియంత్రణ సంస్థలో నమోదైన స్టోరేజీ కోసం వెతకడం మేలు. అక్కడ ఇచ్చే ఎలక్ట్రానిక్ రసీదు రిపాజిటరీ అనే ఉమ్మడి కంప్యూటర్ ఖాతాలో నమోదై ఉంటుంది కాబట్టి ఒకే సరుకు మీద రెండు చోట్ల అప్పు తీసే వీలుండదు. 2017 నుంచి ఈ పద్ధతి ఉంది. కాగితం బాండుకు ఆ రక్షణ లేదు. మీ సరుకు మీద వేరేవాళ్ల తాకట్టు బయటపడి, పోలీసులో బ్యాంకో చాంబర్‌కు సీలు వేస్తే, తప్పు మీది కాకపోయినా తేలేదాకా మీ మిల్లు ఖాళీ. చిక్కల్లా నమోదైన స్టోరేజీలు అన్నిచోట్లా దొరకవు, దొరికినచోట మార్చికల్లా నిండిపోతాయి.

బీమా దగ్గర మూడు గుంటలున్నాయి. ఒకటి, పాలసీ సాధారణంగా స్టోరేజీ పేరు మీద ఉంటుంది, మీ పేరు, మీ వాటా అందులో ఎక్కడ ఉందో చూడకుండా వదిలేస్తారు. రెండు, ఎక్కించిన రోజు విలువకు బీమా చేస్తారు. మార్చిలో క్వింటాలు 12,000 లెక్కన చేయించి, అక్టోబరులో ధర 18,000 అయ్యాక కాలిపోతే మూడింట ఒక వంతు మీ నెత్తినే. జులైలో ఒకసారి, దసరా ముందు ఒకసారి విలువ సవరించమని రాతపూర్వకంగా అడగాలి. మూడు, అగ్ని పాలసీ వేరు, యంత్రం చెడి సరుకు పాడైతే ఇచ్చే పాలసీ వేరు. రెండోది ఉందా అని అడగనివాళ్లే ఎక్కువ.

బయటికి తీసేటప్పుడు

వినియోగదారులు స్టోరేజీని తిట్టే సందర్భాల్లో చాలా వాటికి అసలు కారణం ఇక్కడుంది. 'ఏసీలో పెడితే బూజు పట్టింది' అంటారు. పట్టింది ఏసీలో కాదు, బయటికొచ్చిన తర్వాత రెండు రోజుల్లో.

ఆగస్టులో గాలి నిండా తేమే. పది డిగ్రీల లోపు చల్లగా ఉన్న టిక్కీని ఆ గాలిలోకి లాగి, వెంటనే కుట్టు విప్పితే, చల్లటి కాయ మీద నీటి బిందువులు పేరుకుంటాయి, ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు మీద పేరుకున్నట్టే. ఆ తడితోనే లారీలో కుదించి టార్పాలిన్ కప్పి తోలితే హైదరాబాద్ చేరేసరికి లోపల ఆవిరి స్నానం. చేయాల్సింది ఇది: చాంబర్ బయటి ముందు గదిలో ఒక రోజు ఉంచాలి. ముందు గది లేకపోతే చల్లగా ఉండగానే టిక్కీల వరుస మొత్తానికి ప్లాస్టిక్ షీటు కప్పాలి. చెమట షీటు మీద పడుతుంది, గోనె మీద పడదు. టిక్కీ బయటి వేడికి వచ్చాక షీటు తుడిచి తీసేయాలి. నడిమి కాయ వేడెక్కడానికి ఒక్కోసారి రోజున్నర కూడా పడుతుంది. కుట్టు అప్పటిదాకా విప్పకూడదు.

ఏసీ కాయ మెత్తగా, వంగేలా ఉంటుంది. అలాగే పల్వరైజర్‌లో (పొడి కొట్టే యంత్రంలో) పోస్తే నలగదు, జల్లెడ పూడుకుపోతుంది, మోటారు వేడెక్కి పొడి రంగు మాడుతుంది. ఒక పూట ఎండో, డ్రయ్యరో చూపించి గలగలమనేదాకా ఆరబెట్టి, చల్లారనిచ్చి, తర్వాతే ఆడాలి. వానల్లో ఎండ ఉండదు కాబట్టి డ్రయ్యర్ లేని మిల్లుకు ఏసీ కాయ సగం భరోసానే. ఒక్కో విడత వారానికి సరిపడా మాత్రమే తీయండి (గోడౌన్‌లో ఎప్పుడూ ఉంచాల్సిన నిల్వ లెక్క వేరు, కింద ఉంది). రెండు నెలలది ఒకేసారి దించుకుంటే అద్దె మిగలదు, కాయా మిగలదు.

డెలివరీ విషయానికొస్తే, నిన్న అడిగితే ఈరోజు లారీ నిండుతుందనుకోకండి. మీ లాటు వెనక వరుసలో ఉంటే ముందున్నవాళ్ల టిక్కీలు కదిలించాలి. హమాలీల సెలవులు, రేటు పంచాయితీలు, దసరా, దీపావళి కలుపుకుని రెండు పని రోజులు ముందు చెప్పడం లెక్క. పండగ వారానికి అయిదు.

రోడ్డు కోసం వేరే నిల్వ

మొదట్లో చెప్పిన రెండో జబ్బుకు మందు గుంటూరులో లేదు, మిల్లు గోడౌన్‌లో ఉంది. ఎంత ఉంచాలో చెప్పే లెక్క చాలా చిన్నది. గరిష్ఠ రోజువారీ వాడకాన్ని గరిష్ఠ ఆలస్యంతో (ఆర్డరు చేశాక సరుకు రావడానికి పట్టే రోజులతో) గుణించి, అందులోంచి సగటు వాడకాన్ని సగటు ఆలస్యంతో గుణించిన దాన్ని తీసేయాలి.

రోజుకు సగటున 20 కిలోలు ఆడే మిల్లు, ఆర్డరు చేస్తే మామూలుగా నాలుగు రోజుల్లో సరుకు వస్తుంది. ఆవకాయ సీజన్‌లో రోజుకు 30 కిలోలు, దారి తెగితే పదిహేను రోజులు. 30 ఇంటూ 15 అంటే 450. 20 ఇంటూ 4 అంటే 80. తేడా 370 కిలోలు, దాదాపు తొమ్మిది టిక్కీలు. ఈ తొమ్మిదీ ఎప్పుడూ గోడౌన్‌లో ఉండాల్సిందే. అంటే ఈ 370కి మామూలు నాలుగు రోజుల వాడకం 80 కలిపితే 450, గోడౌన్‌లో సరుకు ఈ 450 కిలోలకు దిగిన రోజే కొత్త ఆర్డరు వెళ్లాలి. చాలా మిల్లుల్లో గోడౌన్ ఖాళీ అయ్యాక ఫోను చేస్తారు.

తొమ్మిది టిక్కీలంటే నేలకు ఆరంగుళాల ఎత్తులో చెక్క పలకలు, గోడకు ఎడం, పైకప్పు కారని మూల చాలు. ముందొచ్చినవి ముందు వాడాలి. లేకపోతే వెనక మూలన అవే తొమ్మిది ఏడాదంతా పడి ఉండి పురుగుకు ఇల్లవుతాయి. గోడౌన్ నిల్వకు భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష పాలసీ సరిపోతుంది. ఒకే చోట అయిదు కోట్ల లోపు ఆస్తి ఉన్నవాళ్ల కోసం 2021 ఏప్రిల్ నుంచి ఉన్న పాలసీ ఇది. అగ్నితో పాటు వరదకూ వర్తిస్తుంది.

దారి కూడా రెండోది పెట్టుకోవాలి. హైదరాబాద్ మిల్లులకు నందిగామ మీదుగా వచ్చే రహదారి మూతపడితే పిడుగురాళ్ల, మిర్యాలగూడ మీదుగా నార్కట్‌పల్లి చేరే రోడ్డు ఉంది. ఆ దారిలో లారీ తిప్పే ట్రాన్స్‌పోర్టు వాళ్ల నంబరు వరద వచ్చిన రోజు వెతుక్కుంటే దొరకదు. ఏడాదికి ఒకటి రెండు లోడ్లు వాళ్లకు ఇస్తుంటేనే ఆ రోజు ఫోను ఎత్తుతారు.

ఖర్చు, మార్కులు

అంకెలు ఉదాహరణకే, మీ రేట్లు పెట్టి చూసుకోండి. కిలో 150 చొప్పున 42 కిలోల టిక్కీ 6,300. ఏడాదికి 12 శాతం వడ్డీ మీద ఎనిమిది నెలలకు 504. అద్దె, బీమా, హమాలీ కలిపి 300 అనుకుంటే మొత్తం 804, కిలోకు 19 రూపాయలు. చాలామంది అద్దె మీద పది రూపాయలు బేరమాడతారు, అంతకంటే బరువైన వడ్డీని లెక్కలోకే తీసుకోరు.

ఆ 19 రూపాయలు లాభం కోసం పెట్టే పెట్టుబడి అనుకుంటే దెబ్బ తింటారు. ధర పెరుగుతుందని పెట్టిన నిల్వలతో చాంబర్లు నిండి ఉండగానే కొత్త పంట దిగితే ఏమవుతుందో 2025 ఫిబ్రవరి చూపించింది. ధర ఎంత పడిందంటే కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి వచ్చింది. మిల్లు ఆగకుండా ఉండటానికి కట్టే బీమా అనుకుంటే మాత్రం కిలోకు 19 న్యాయమైన ధరే. దానికి తగ్గట్టు ఏడాది అవసరమంతా కాకుండా సగం, మహా అయితే అరవై శాతం పెట్టండి. మిగతాది నెలనెలా ఏసీ బజార్లో కొనండి. ధర పడితే నెలనెలా కొనే సగం మీద లాభం, పెరిగితే చాంబర్‌లోని సగం మీద లాభం.

పదికి మార్కులు ఇవ్వాలంటే: పంట పోయిన ఏడాదికి 9. రంగు నిలపడంలో 8. బాండు పద్ధతికి, ఎలక్ట్రానిక్ రసీదు ఉంటే 8, కాగితం అయితే 4. డెలివరీ వేగానికి 5. రోడ్డు తెగినప్పుడు 2, ఆ రెండూ కాయ చెడకుండా ఉన్నందుకే.

ఒకే స్టోరేజీలో, ఒకే రకం అంతా పెట్టడం మాత్రం ఎన్ని మార్కులొచ్చిన చోటైనా వద్దు. సరుకును రెండు స్టోరేజీలకు పంచండి, కనీసం వేర్వేరు యాజమాన్యాలు, వేర్వేరు రోడ్ల మీద ఉండేలా. వీలైతే కొంత ఖమ్మంలోనో, వరంగల్ ఏనుమాముల మార్కెట్ దగ్గరో పెట్టండి, కృష్ణకు ఇటొకటి అటొకటి అవుతుంది. రకం విషయంలోనూ అంతే. 2024 మార్చి 11న కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌లో ధర పడిపోయిందని రైతులు మార్కెట్ కార్యాలయానికి, వాహనాలకు నిప్పుపెట్టారు. రంగు కోసం బ్యాడిగి రకం ఒక్కదాన్నే నమ్ముకున్న మిల్లుకు అలాంటి రోజు మార్గం ఏమిటి? 334తో రంగు, తేజతో ఘాటు కలిపి ప్రత్యామ్నాయ మిశ్రమాన్ని తీరిక ఉన్న నెలలోనే కిలో చొప్పున ఆడించి, పాత పొడి పక్కన తెల్ల కాగితం మీద పోసి రంగు చూసి, అదే పప్పులో అదే చెంచాతో రుచి చూసి, నిష్పత్తిని గోడ మీద రాసి పెట్టుకోవాలి. పాత కస్టమర్లు ఇద్దరు ముగ్గురికి ఏది ఏదో చెప్పకుండా ఇచ్చి, తేడా కనిపెట్టారో లేదో అడగండి. కనిపెడితే తేజ పాలు పది శాతం తగ్గించి మళ్లీ ఆడించండి.